అరవై ఒక్క రోజుల గ్రాఫిక్స్ కార్డు

చవక వస్తువు కొనేవాణ్ణి దేవుడు చూసుకుంటాడు. ఖరీదైన వస్తువు కొనేవాణ్ణి బ్యాంకు చూసుకుంటుంది. మధ్యరకం వస్తువు కొనేవాణ్ణి మాత్రం ఊరంతా చూసుకుంటుంది. మానవజాతి కనిపెట్టిన పరిపాలనా పద్ధతులన్నిటిలోనూ ఇంత శ్రద్ధగా, ఇంత ఉచితంగా, ఎవరూ అడగకుండానే పనిచేసేది ఇంకొకటి లేదు. బందరు గిలకలదిండి హార్బరులో మరబోటు డ్రైవరు ప్రకాష్‌కు ఈ ఏడాది ఆ సేవలు పూర్తి స్థాయిలో అందాయి.

ప్రకాష్‌కు నలభై రెండేళ్ళు. సముద్రం మీద అతనంత చురుకైనవాడు లేడని పేరు. నీళ్ళ రంగు చూసి వల ఎక్కడ వెయ్యాలో రెప్పపాటులో తేల్చేస్తాడు. ఒడ్డున కాలు పెట్టాడంటే మాత్రం తువ్వాలు కొనడానికి కూడా నలుగురి అభిప్రాయం కావాలి. (ఆ నలుగురూ నాలుగు రంగులు చెబితే తువ్వాలు లేకుండానే ఇంటికొస్తాడు.)

ఏటా ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు దాకా సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టుకునే కాలం కనుక ప్రభుత్వం వాటికి అరవై ఒక్క రోజుల ప్రశాంతత ప్రసాదించింది. చేపల పుణ్యమా అని ఆ అరవై ఒక్క రోజులూ ప్రకాష్ ఇంట్లో ఉంటాడు. మిగతా ఏడాదంతా వారం పది రోజులు నీళ్ళ మీద, రెండు రోజులు ఒడ్డు మీద, ఆ రెండింటిలో ఒక రోజు నిద్ర. అతని ఒక్కగానొక్క కూతురు యశస్వినికి పదిహేనేళ్ళు వచ్చాయి. ఈ పదిహేనేళ్ళలో ఆ పిల్ల తండ్రి ముఖం చూసినదానికంటే ఆయన పట్టుకొచ్చిన చేపల ముఖాలు చూసిందే ఎక్కువ.

ఈ ఏడాది నిషేధానికి ఒక ప్రత్యేకత ఉంది. యశస్విని పదో తరగతి పరీక్షలు రాసేసింది. జూన్ పదో తేదీన గుడివాడలో ఇంటర్మీడియట్ హాస్టల్లో చేరాలి. అంటే తండ్రీకూతుళ్ళు ఒకే కప్పు కింద ఉండే రోజులు యాభై ఆరు.

నిషేధం మొదలైన మర్నాడు ఉదయం ఆ పిల్ల తండ్రి చేతిలో నోటుబుక్కు చీటీ ఒకటి పెట్టింది. ఇంట్లో కంప్యూటరు ఉంది. బందరులో మూసేసిన ఒక నెట్ సెంటరు నుంచి నిరుడు కొన్నదే. దాంట్లో ఆటలు ఆడాలంటే గ్రాఫిక్స్ కార్డు కావాలి. ఆట ఏమిటంటే, నార్వే దేశపు సముద్రంలో చేపల బోటు నడపడం. ఇద్దరు ఆడాలి. ఒకరు బోటు నడిపితే ఇంకొకరు వల లాగాలి. (ఏడాదిలో పది నెలలు చేపలు పట్టిన మనిషికి దొరికిన రెండు నెలల విశ్రాంతిలో చేపలు పట్టే ఏర్పాటన్నమాట.)

"ఆటలో నేను డ్రైవరు. నువ్వు కలాసీవి," అంది యశస్విని.

ఆ మాట ప్రకాష్‌కు ఎక్కడో తగిలింది. అక్కడి ఆచారం ప్రకారం ఆడవాళ్ళు బోటు ఎక్కకూడదు. ఆ పిల్లకు ఆరేళ్ళప్పుడు, తండ్రికి అన్నం క్యారేజీ తెచ్చి, జెట్టీ అంచున నిలబడి, బోటు మీద పెట్టడానికి ఒక కాలు ఎత్తింది. అయిదుగురు మగాళ్ళు ఒక్కసారిగా కేకేశారు. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి పెట్టేసింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. కేకేసిన అయిదుగురిలో ప్రకాష్ ఒకడు.

చీటీలో ఉన్నది ఇది: ఎర్ర కంపెనీ, పదహారు జీబీ, రెండు ఫ్యాన్లు, ముప్పై ఆరు వేల లోపు. (ఈ కార్డులు చేసే కంపెనీల్లో పేరున్నవి రెండు. డబ్బాల రంగును బట్టి ఒకటి ఎర్ర కంపెనీ, ఇంకొకటి పచ్చ కంపెనీ. రాజకీయాలకూ దీనికీ సంబంధం లేదని ముందే మనవి.) నెల రోజులు చదివి, చూసి, పోల్చి తేల్చింది ఆ పిల్ల. ఈ ఆటకు ఎనిమిది జీబీ సరిపోతుందట. కానీ రెండేళ్ళ చదువులో సెలవులకు వచ్చినప్పుడల్లా కొత్త ఆటలు కూడా ఆడుకోవాలి గనుక పదహారు. చీటీ అడుగున చిన్న అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది. ఎవరికీ చెప్పకు నాన్నా.

ప్రకాష్ చీటీ జేబులో పెట్టుకుని తిన్నగా కోనేరు సెంటరుకు బయల్దేరాడు. అక్కడ విల్సన్ అనే అతనికి కంప్యూటర్ల షాపు ఉంది. తిన్నగా వెళ్ళి ఉంటే ఈ కథ లేదు. దారిలో హార్బరు దగ్గర టీ తాగడానికి ఆగాడు. అక్కడున్నవాళ్ళకు చీటీ చూపించి, "ఇది మంచిదేనంటారా?" అని అడిగాడు. అడగడానికి రెండు సెకన్లు పట్టింది.

టీ కొట్టు బల్ల మీద ఆ పూట సత్తిబాబు కూర్చుని ఉన్నాడు. సత్తిబాబు మరబోట్ల భాగస్వాముల సంఘానికి అధ్యక్షుడు. ప్రకాష్ నడిపే బోటులో పెద్ద వాటాదారు. వరసకు బావ. ఆ సంఘానికి అయిదో నిబంధన అని ఒకటుంది: ఇరవై వేలు దాటిన ఏ యంత్రమైనా సంఘం తీర్మానం లేనిదే కొనరాదు. పూర్వం ఎవరో ఎవరినీ అడక్కుండా పాత ఇంజను కొంటే అది నడిసముద్రంలో మొరాయించిందట. మిగతా బోట్లు వేట మానుకుని దాన్ని ఒడ్డుకు లాక్కొచ్చాయట. కాబట్టి నిబంధన న్యాయమైనదే. గ్రాఫిక్స్ కార్డుకు అది వర్తిస్తుందా అన్నదే ప్రశ్న.

"ఇది బోటుది కాదు కదా బావా," అన్నాడు ప్రకాష్.

"ఫ్యాను తిరుగుద్దా?"

"తిరుగుద్ది."

"కరెంటు తాగుద్దా?"

"తాగుద్ది."

"మరి యంత్రం కాకపోతే ఏంటది, తాంబూలమా?" అన్నాడు సత్తిబాబు.

ప్రకాష్ కాదనలేకపోయాడు. నిజం చెప్పాలంటే అతనికి లోలోపల ఊరటగానే ఉంది. ముప్పై ఆరు వేలు ఒక్కడే తేల్చడం కంటే నలుగురితో నారాయణ అనుకుంటే రేపు తేడా వచ్చినా తప్పు నలుగురి మీదా పడుతుంది. ఆ సాయంత్రం భార్య మాధవికి ఈ సంగతి చెబితే ఆమె బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "వలేసేటప్పుడు చేపల్ని కూడా అడిగే వేస్తారా?" అని అడిగింది.

ఏప్రిల్ ఇరవయ్యో తేదీన వలలు బాగుచేసే షెడ్డు కింద మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు ఎంపిక ప్రత్యేక సమావేశం జరిగింది. కిందటేడాది అయిదు లక్షల ఇంజను కొనేటప్పుడు ఏడుగురు వచ్చారు. దీనికి ముప్పై నాలుగు మంది వచ్చారు. నిషేధం మూలాన ఎవరికీ వేరే పని లేకపోవడం ప్రజాస్వామ్యానికి ఎంతో మేలు చేసింది. అప్పటికే అందరూ ఫోన్లలో వీడియోలు చూసి పండితులై ఉన్నారు. బొమ్మ సెకనుకు అరవైసార్లు మారితే చాలా, నూట నలభై నాలుగుసార్లు మారాలా అన్న విషయం మీద, కళ్ళజోడు లేనిదే ఎదుటి మనిషిని పోల్చుకోలేని పెద్దలు గంటన్నరసేపు వాదించుకున్నారు. రెండు ఫ్యాన్లు కావాలా, మూడు కావాలా అన్నదానిపై ఉపసంఘం వేశారు. కార్డు వేడెక్కుతుంది కనుక ఫ్యాన్లంటూ ఉంటాయని తెలిసి, ఫ్యాన్ల బదులు ఐసు వాడే అవకాశాన్ని పరిశీలించడానికి ఇంకో ఉపసంఘం వేశారు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక సభ్యుడు లేచి ధర్మసందేహం వెలిబుచ్చాడు. వేట నిషేధ కాలంలో చేపలు పట్టడం నేరం కదా, మరి కంప్యూటరులో పట్టవచ్చునా? పట్టుబడితే బోటు సీజు చేస్తారు. నిషేధ కాలపు భృతి ఆపేస్తారు. ఒక్కడి సరదాకు ముప్పై నాలుగు కుటుంబాలు ఎందుకు బలి కావాలి? రాతపూర్వకంగా అనుమతి తెచ్చేదాకా ఎంపిక వాయిదా వెయ్యాలని తీర్మానం పాసైంది.

ఇటువంటి సందేహాలు తీర్చడానికి తీరప్రాంత సందేహ నివృత్తి కార్యాలయం అని ఒకటుంది. (సందేహం లేనివాళ్ళకు అది కనబడదు.) అందులో ఉప సహాయ స్పష్టీకరణాధికారిణి శ్రీమతి ఇందిరాదేవి గారు ఆ నెల అవనిగడ్డలో శిబిరం వేసి ఉన్నారు. ప్రకాష్ ఆర్టీసీ బస్సెక్కి, పులిగడ్డ వంతెన దాటి, ఆమె ముందు నిలబడ్డాడు. ఆమె ఎంతో మర్యాదగా కూర్చోమని, అర్జీతో పాటు ఆధారు, ఆటలోని బోటు రిజిస్ట్రేషను నంబరు, పట్టబోయే చేప పాస్‌పోర్టు సైజు ఫోటోలు రెండు తీసుకురమ్మన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు ఫోటోలో చేపకు చెవులు కనబడటం లేదని వెనక్కి పంపారు. మూడోసారి ప్రకాష్, చేపలకు చెవులు బయటికి కనబడవని బందరు ఫోటోగ్రాఫరు చేత రాయించిన ధ్రువపత్రం జతచేశాడు. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, ఇంత బాధ్యతగా అర్జీ పెట్టుకున్న పౌరుణ్ణి ఈ మధ్య చూడలేదండీ అని మెచ్చుకున్నారు.

మే తొమ్మిదిన జవాబు వచ్చింది. "విషయము: కంప్యూటరు లోపల జరుపు వేట గురించి. తెలియజేయునది ఏమనగా, సదరు చేపలు మన దేశపు జలములలో లేనందునను, సదరు జలములలో నీరు లేనందునను, నిషేధము వర్తించదు. అయితే పట్టిన చేపలను ఒడ్డునకు దింపుట, ఎండబెట్టుట, విక్రయించుట చేయరాదు."

ఈ లోపు యశస్వినికి పదో తరగతి ఫలితాలు వచ్చాయి. అయిదు వందల అరవై ఒక్క మార్కులు. ప్రకాష్ ఆ రోజు అవనిగడ్డ బస్టాండులో ఉన్నాడు. ఫోన్లో విన్నాడు. ఆనందంతో పక్కనున్న తెలియని మనిషికి టీ ఇప్పించాడు. కూతురి ముందు ఉండవలసిన రోజున చేప ఫోటోలు పట్టుకుని ఇక్కడ ఉన్నాననే సంగతి టీ అయిపోయాక గుర్తొచ్చింది. ఇంటికెళ్ళేసరికి మిఠాయి పెట్టెలో రెండు ముక్కలు తీసి ఉంచారు.

మే పన్నెండున రెండో సమావేశం. ఈసారి అడ్డంకి సత్తిబాబు నుంచే వచ్చింది. ఆటలో డ్రైవరు ఎవరని అడిగాడు. అమ్మాయి అని ప్రకాష్ చెప్పాడు. షెడ్డు కింద గుసగుసలు మొదలయ్యాయి. కంప్యూటరులో అయితేనేం, బోటు బోటే. ఆడపిల్ల ఎక్కిందని గంగమ్మ తల్లికి కోపమొస్తే, ఆవిడ ఇది ఏ దేశపు బోటు అని విచారించి మరీ శిక్షిస్తుందా? నార్వేలో తప్పు జరిగితే గిలకలదిండిలో బోటు మునగదని రాసిచ్చేదెవరు? పిల్ల చక్రం పట్టుకోవచ్చు గానీ బోటు మీద నిలబడినట్టు బొమ్మ రాకూడదని ఒకరు రాజీ మార్గం చెప్పారు. అదీ చర్చకు వచ్చింది.

అప్పుడు ప్రకాష్ తల్లి పెద్దింట్లమ్మ షెడ్డులోకి వచ్చింది. ఆమె నలభై ఏళ్ళు హార్బరులో చేపలు కొని ఊళ్ళమ్మట తిరిగి అమ్మిన మనిషి. వేలంలో ఆమె పాట పెంచితే మగాళ్ళు గొంతు తగ్గిస్తారు. గంపను కింద పెట్టి, సభను ఒకసారి కలయజూసింది.

"బోటు మీద ఆడదాని కాలు పడకూడదు. ఆడది చేపలమ్మి తెచ్చిన డబ్బుతో మాత్రం డీజిలు కొట్టిచ్చుకోవచ్చు. అంతేగా మీ ఆచారం?" అంది. "నెలరోజుల్లో పిల్ల ఊరొదిలి పోద్ది. ఇప్పుడు బొమ్మ బోటు కూడా ఎక్కనియ్యరా? తేల్చండిరా తొందరగా."

తీర్మానం వెంటనే పాసైంది. ఆటలో తొలి ప్రయాణానికి ముందు కంప్యూటరుకు కొబ్బరికాయ కొట్టాలన్న షరతు ఒక్కటే పెట్టారు. (నీళ్ళు యంత్రం మీద పడకుండా పక్కగా కొట్టాలని ఫ్యాన్ల ఉపసంఘం సవరణ చేసింది.)

ఇక మిగిలింది కార్డు ఎంపిక. మే పదిహేడున విల్సన్‌ను షెడ్డుకే పిలిపించారు. అతను రెండు రకాల వివరాలూ కాగితం మీద రాసుకొచ్చాడు. ఎర్ర కంపెనీదే, ఒకటి ఎనిమిది జీబీ, ముప్పై వేలు. ఇంకొకటి పదహారు జీబీ, ముప్పై ఆరు వేలు. అమ్మాయి రాసుకున్న పదహారే మంచిదండీ, నాలుగేళ్ళు చూసుకోనక్కర్లేదు అన్నాడు.

నిపుణుల హోదాలో ఆ రోజు గోవర్ధనరావు గారు హాజరయ్యారు. ఆయనకు బంటుమిల్లిలో రొయ్యల చెరువులు, హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉన్నాయి. ఐసు వాడకంపై ఉపసంఘం ఆయన్ని సంప్రదించగా, మొత్తం విషయమే చేతిలోకి తీసుకున్నారు. కాగితం చూసి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశారు. విల్సన్‌ను టీ తాగి రమ్మని పంపించేశారు. తర్వాత గొంతు తగ్గించారు.

"మన రొయ్య ముప్పై కౌంటుకి రేటెక్కువా, వంద కౌంటుకా?"

ముప్పైకే అని సభ ముక్తకంఠంతో చెప్పింది. కిలోకు ముప్పై తూగితే పెద్ద రొయ్య, వంద తూగితే చిన్న రొయ్య. అంకె ఎంత తగ్గితే సరుకు అంత గొప్పది. బంటుమిల్లి నుంచి గిలకలదిండి దాకా ఈ సంగతి పుట్టిన పిల్లకు ఉగ్గుపాలతో పట్టిస్తారు.

"మరి ఎనిమిది గొప్పదా, పదహారు గొప్పదా?"

సభ ఊపిరి బిగబట్టింది. అవును కదా.

"ఎనిమిది కౌంటు సరుకుని తక్కువకి ఇచ్చేస్తన్నాడు. పాపం, రేట్లు తారుమారు రాసుకున్నట్టున్నాడు," అన్నారు గోవర్ధనరావు గారు. "పదహారు మంచిదని ఎందుకంత గట్టిగా చెప్తన్నాడో అర్థమైందా? అమ్ముడుపోని సరుకు మనకి అంటగడతన్నాడు. ఎవరూ నోరు మెదపకండి. మొహాలు మామూలుగా పెట్టండి."

యశస్విని తండ్రి పక్కనే నిలబడి ఉంది. ఇది రొయ్య కాదు తాతగారూ అంది. జీబీ అంటే బోటులో చేపలు నింపే ఐసు గది లాంటిదని, గది పెద్దదైతే ఎక్కువ పడుతుందని, పదహారు అంటే ఎనిమిదికి రెట్టింపు గది అని ఓపికగా చెప్పింది. ఇంత తేటగా చెప్పిన ముక్క ఆ షెడ్డులో అంతకుముందు ఎవరూ విని ఉండరు. నలుగురైదుగురు తలలూపారు కూడా. కానీ తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని అనుకునేవారికి నాలుగో కాలు చూపిస్తే, అది తోక అంటారు. చదువుకున్న పిల్లల్నే ఇలాంటి షాపులవాళ్ళు తేలిగ్గా మోసం చేస్తారమ్మా అని ఆయన ఆప్యాయంగా ఆ పిల్ల తల నిమిరారు.

విల్సన్ తిరిగి వచ్చేసరికి ముప్పై నాలుగు మందీ దొంగతనం చేసినవాళ్ళలా చూపు తిప్పుకుని కూర్చున్నారు. ఎనిమిది చాలన్నారు. అతను ఉండబట్టలేక, పదహారు తీసుకోండి, కావాలంటే వెయ్యి తగ్గిస్తానన్నాడు. సత్తిబాబు గోవర్ధనరావు గారి వైపు చూశాడు. గోవర్ధనరావు గారు కళ్ళతోనే, చూశావా అన్నారు. తగ్గించడంతో పదహారు పరువు పూర్తిగా పోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర యశస్విని కోప్పడుతుందేమోనని ప్రకాష్ భయపడ్డాడు. ఆ పిల్ల కోప్పడలేదు.

"ఎనిమిదే కొనెయ్ నాన్నా. ఈ ఆటకి అది చాలు," అంది. "రేపే కొనెయ్."

మర్నాడు నిజంగానే కొనేవాడు. డబ్బు జేబులో పెట్టుకున్నాడు, చెప్పులు కూడా వేసుకున్నాడు. అంతలో సత్తిబాబు ఫోను. గోవర్ధనరావు గారు ఇంకో మాట చెప్పారట. నెలాఖరుకు రేటు పడుతుంది, ఆగమన్నారట. సరుకు మంచిదని తేలింది, రేటు తప్పు రాశాడని తేలింది, ఇంకా పడితే ఇంకా లాభం. సంఘం ఇంత కష్టపడి తేల్చాక రెండు రోజులు ఆగలేవా? ప్రకాష్ చెప్పులు విప్పాడు.

రొయ్యల రైతులకు రోజూ ఉదయం వాట్సాప్‌లో రేట్లు వస్తాయి. మే పంతొమ్మిది నుంచి గోవర్ధనరావు గారు ఆ జాబితా కింద ఇంకో వరస చేర్చారు. వనామీ రొయ్య ముప్పై కౌంటు ఇంత, నలభై కౌంటు ఇంత, యాభై కౌంటు ఇంత, కార్డు ఎనిమిది కౌంటు ఇంత. బంటుమిల్లి మండలంలో కంప్యూటరు లేని రైతులు కూడా ఆ వరస చూసి నిట్టూర్చడం మొదలుపెట్టారు. రెండు వందలు తగ్గితే, పడుతోంది, ఆగు అన్నారు. మూడు వందలు పెరిగితే, పెరిగిందంటే పడుతుంది, ఆగు అన్నారు. కదలకపోతే, ఇది తుఫాను ముందు నిశ్శబ్దం అన్నారు. ఆరు నెలల్లో కొత్త రకం కార్డు వస్తుందని, అప్పుడు ఇది సగానికి దిగుతుందని ఒకరు వార్త తెచ్చారు. ఆ కొత్తది వచ్చిన ఆరు నెలలకు ఇంకోటి వస్తుందని మరొకరు లెక్కగట్టారు. ఈ పద్ధతిలో ఎప్పటికీ కొనకుండా ఉండగలిగినవాడికే అందరికంటే ఎక్కువ లాభమని తేలింది.

యశస్విని రోజూ పొద్దున్నే ఆ రేటు అడిగేది. జూన్ మొదటి వారానికి అడగడం మానేసింది. ప్రకాష్ అది గమనించాడు. గమనించి, ఇంకో మూడు రోజులు ఆగాడు. ఆలస్యం అమృతం విషం అని చిన్నప్పుడు బడిలో పలక మీద పదిసార్లు రాసినవాడే.

జూన్ తొమ్మిదిన రేటు ఇరవై తొమ్మిది వేల ఎనిమిది వందలకు దిగింది. ఇరవై మూడు రోజుల నిఘాకు ఫలితం రెండు వందల రూపాయలు. సంఘం చప్పట్లు కొట్టి కొనుగోలుకు అనుమతి ఇచ్చింది. ప్రకాష్ పరుగున కోనేరు సెంటరుకు వెళ్ళాడు. విల్సన్ తల గోక్కున్నాడు. ఎనిమిది జీబీవి నిన్ననే అయిపోయాయండీ, విజయవాడ నుంచి పద్నాలుగో తేదీకి వస్తాయన్నాడు. బంటుమిల్లి నుంచి ఎవరో రైతులు వచ్చి ఉన్నవన్నీ పట్టుకుపోయారట. కంప్యూటర్లు ఉన్నాయా అని అడిగితే, ముందు సరుకు కొని పెట్టుకుంటున్నామని చెప్పారట. పదహారు మాత్రం ఉంది, ఇమ్మంటారా అన్నాడు విల్సన్.

జేబులో ఉన్న డబ్బుకు ఇంకో అయిదారు వేలు కలిస్తే చాలు. బీరువాలో ఉన్నాయి. చీటీలో ఉన్నది కూడా అదే. ప్రకాష్ అక్కడే నిలబడి, సత్తిబాబుకు ఫోను చేసి అడిగాడు. తీర్మానంలో ఎనిమిది అని ఉంది కదా, పదహారు కావాలంటే మళ్ళీ సమావేశం పెట్టాలన్నాడు సత్తిబాబు. ప్రకాష్ సరేనని ఎనిమిదికి అడ్వాన్సు కట్టి వచ్చాడు. దారి పొడుగునా అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

జూన్ పదిన గుడివాడ హాస్టలు గేటు ముందు ఒక పెట్టె, ఒక బకెట్టు, ఒక పరుపు చుట్ట, నాలుగు వందల మంది తల్లిదండ్రులు. మగవాళ్ళను గేటు దాటనివ్వరు. మాధవి లోపలికి వెళ్ళి సామాను సర్దుతోంది. యశస్విని గేటుకు అవతల నిలబడింది. ప్రకాష్ ఒక కాలు గేటు గీత మీద పెట్టబోయాడు. వాచ్‌మన్ కేకేశాడు. ప్రకాష్ ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి పెట్టేశాడు.

"తప్పు చేశానమ్మా. ఆ రోజే కొనాల్సింది," అన్నాడు.

"ఏ కార్డొచ్చినా పర్లేదు నాన్నా. కంప్యూటరులో పెట్టేటప్పుడు టిక్కుమని చప్పుడొచ్చేదాకా నొక్కి పెట్టు. సగంలో వదిలెయ్యకు," అంది ఆ పిల్ల. ఏడవలేదు. ఏడవకపోవడమే అతను తట్టుకోలేకపోయాడు.

జూన్ పద్నాలుగు మధ్యాహ్నం కార్డు వచ్చింది. ప్రకాష్ దాన్ని టిక్కుమనేదాకా నొక్కి పెట్టాడు. పెద్దింట్లమ్మ పక్కగా కొబ్బరికాయ కొట్టింది. సత్తిబాబు, గోవర్ధనరావు గారు, ఉపసంఘాల సభ్యులు ఇంటి నిండా నిలబడ్డారు. తెర మీద నార్వే సముద్రం వచ్చింది. నీళ్ళు అచ్చం నీళ్ళలాగే ఉన్నాయని, ఎనిమిది కౌంటు అంటే మరి మాటలా అని గోవర్ధనరావు గారు తలపంకించారు. డ్రైవరు పేరు అడిగితే ప్రకాష్ 'యశస్విని' అని టైపు కొట్టాడు. కలాసీ పేరు అడిగితే తన పేరు కొట్టాడు. డ్రైవరు జాగాలో తను కూర్చోలేదు, ఎవరినీ కూర్చోనివ్వలేదు. డ్రైవరు లేనిదే బోటు కదలదు. గంటసేపు అతను ఆ బొమ్మ బోటు మీద, కట్టేసిన తాడు పక్కన, వల పట్టుకుని నిలబడి ఉన్నాడు.

బొమ్మ ఎంతకీ కదలకపోయేసరికి ఇది కార్డు లోపమా అని ఒకరు సందేహం వెలిబుచ్చారు. కాదని, ఆట అలాగే ఉంటుందని ప్రకాష్ చెప్పాడు. అందరూ తృప్తిగా టీలు తాగి వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక మాధవి హాస్టలువాళ్ళు ఇచ్చిన చిన్న పుస్తకం తెచ్చి అతని పక్కన కూర్చుంది. ఫోను ఆదివారాలు నాలుగు నిమిషాలు. దసరాకు మూడు రోజులు, పెద్ద పండక్కి నాలుగు రోజులు సెలవు. (ఆ రోజుల్లో ప్రకాష్ ఎక్కడ ఉంటాడో చేపలకు తెలుసు.) ఎండాకాలం సెలవుల పేజీ మాధవి ఒకసారి చదివి, పుస్తకం అతని చేతికిచ్చింది. వేసవి ప్రత్యేక తరగతులు, ఏప్రిల్ పదిహేను నుంచి జూన్ పద్నాలుగు వరకు, రెండేళ్ళూ తప్పనిసరి అని ఉంది.

జూన్ పదిహేను తెల్లవారుజామున బోట్లు బయల్దేరే ముందు సంఘం జెట్టీ మీద సమావేశమైంది. సత్తిబాబు మినిట్సు పుస్తకం తెరిచి, ఇంత పెద్ద కొనుగోలులో ఎక్కడా తొందరపడకుండా సంఘానికి ఆదర్శంగా నిలిచినందుకు ప్రకాష్‌ను అభినందిస్తూ తీర్మానం చదివాడు. ముప్పై నాలుగు మందీ చప్పట్లు కొట్టారు. కింద లబ్ధిదారు సంతకం అని గీత ఉంది. ఆ సంతకం పెట్టడానికి ప్రకాష్ ఎవరినీ ఏమీ అడగలేదు.